ఇంజను బొమ్మ విమానం: మొదట కొనవలసింది ఏది?

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ డిసెంబరు 17. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. డి.ఆర్. బకాయిల సంగతీ చెప్పారు. అంతటి విషయాల తరవాత బొమ్మ విమానాల గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను నిలబెట్టారు. దానికి కారణం లేకపోలేదు. ఈ ఏడాది మన సభ్యుల్లోనే ఆరేడుగురు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "మనవడు ఇంజనుతో ఎగిరే విమానం కావాలని పేచీ పెడుతున్నాడు, ఏది కొనమంటారు?" అని కొందరు. "మనవడి పేరు చెబుతున్నాను గానీ, నాకే కావాలండీ" అని ఒకాయన నిజం ఒప్పేసుకున్నారు. విడివిడిగా చెప్పినదంతా ఇవాళ ఒకచోట మనవి చేస్తాను.

చెప్పడానికి నువ్వెవరివయ్యా అంటారేమో. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వర్క్‌షాపులో డీజిల్ ఇంజన్ల మధ్యే గడిపాను. కాలేజీలో ఎన్.సి.సి. ఎయిర్ వింగ్‌లో ఉండగా, తీగలు కట్టి మన చుట్టూ తిప్పే విమానాలు ఎగరేశాను. ఆ తరవాత సంసారం, ట్రాన్స్‌ఫర్లు. రిటైరయ్యాక అమెరికాలో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలున్నప్పుడు అక్కడి క్లబ్బులో రేడియో విమానాలు మళ్ళీ పట్టాను. ఇండియానా రాష్ట్రంలో మన్సీ అనే ఊళ్ళో, 1936లో పుట్టిన మోడల్ విమానాల జాతీయ సంస్థ ప్రధాన కార్యాలయం ఉంది. దాని పక్కనే మ్యూజియం. మావాడు నన్ను నయాగరా చూపిస్తానంటే, ముందు మన్సీ తీసుకెళ్ళమన్నాను. నయాగరా ఎక్కడికీ పోదు కదా.

ఇక అసలు సంగతి. మొదటి విమానం ఎలా ఉండాలి అంటే, మీరు చేతులు వదిలేసినప్పుడు తనంతట తాను సర్దుకునేలా ఉండాలి. ఎన్ని కంపెనీల పేర్లు చెప్పినా, ఎన్ని బొమ్మలు చూపించినా మీరు పరీక్షించవలసిన గుణం ఇదొక్కటే. మిగతావన్నీ దీని వెంట వచ్చేవే.

దీనికి రెక్క ఎక్కడుందో చూడండి. విమానం ఒంటికి పైభాగాన ఉండాలి. బరువంతా రెక్క కింద వేలాడుతుంది కాబట్టి తూగు కుదురుగా ఉంటుంది. ఎదురుగా నిలబడి చూస్తే రెండు రెక్కలూ చివరలకు వెళ్ళేకొద్దీ కొంచెం పైకి లేచి ఉండాలి. దీన్ని డైహెడ్రల్ అంటారు. విమానం ఒక పక్కకు ఒరిగినప్పుడు, కిందికి దిగిన రెక్కకు గాలి ఎక్కువ ఊతమిస్తుంది. ఒరిగినది లేస్తుంది. రెక్క అడుగు చదునుగా ఉంటే నెమ్మదిగా వెళ్తున్నా గాలిలో నిలుస్తుంది. ముందు ఒకటి, వెనక రెండు, మొత్తం మూడు చక్రాలుండాలి. తోక కింద చక్రమున్నవి చూడ ముచ్చటగా ఉంటాయి గానీ, నేల మీద పరుగెత్తేటప్పుడు గిర్రున తిరిగిపోతాయి. రెక్క కొస నుంచి కొసకు ఐదడుగుల పైన ఉండాలి. చిన్నది చవక అనుకుంటాం. చిన్నది ఉలిక్కిపడినట్టు కదులుతుంది, దూరం వెళ్తే కనపడదు. మన కళ్ళకు, అందులోనూ శుక్లాల ఆపరేషనైన కళ్ళకు, పెద్దదే మంచిది.

ఇలాంటి విమానాన్ని ట్రైనర్ అంటారు. అయోవా రాష్ట్రంలో మాంటెజుమా అనే ఊళ్ళోని సిగ్ కంపెనీవారు చేసిన కెడెట్ ఎల్.టి.-40 దీనికి మంచి ఉదాహరణ. రెక్క పొడవు 70 అంగుళాలు, వైశాల్యం 900 చదరపు అంగుళాలు. రెక్క అంత విశాలం కావడంతో గాలిలో నింపాదిగా, ఎద్దుబండి మీద వెళ్ళినట్టు వెళ్తుంది. ఒకప్పుడు పేరున్న పి.టి.-40, నెక్స్‌స్టార్ వంటి వాటిని పంచిన హాబికో కంపెనీ 2018లో దివాలా తీసింది. అవి ఎవరైనా పాతవి అమ్మజూపితే విడిభాగాలు దొరుకుతాయో లేదో ముందు కనుక్కోండి. పేరు ఏదైనా ఫరవాలేదు. నేను చెప్పిన ఆకారముందా లేదా అన్నది చూసుకోండి.

చాలా ట్రైనర్లలో రెక్కను ఒంటికి రబ్బరు బ్యాండ్లతో బిగిస్తారు. ఇదేమిటి, ఇంత డబ్బు పోసి కొంటే రబ్బరు బ్యాండ్లా అని ఒక మిత్రులు నొచ్చుకున్నారు. అవి ఉన్నది దెబ్బ తినడానికే. నేలను ఢీకొంటే బ్యాండ్లు సాగి రెక్క పక్కకు జరుగుతుంది, విరగదు. బోల్టులైతే దెబ్బంతా కర్రకే తగులుతుంది.

ఇప్పుడు ఇంజను. ఇక్కడ ఒక మాట గోల ఉంది. అమెరికాలో వీటిని 'గ్యాస్' విమానాలంటారు. మన ఇంట్లో వంట గ్యాసుకూ దీనికీ సంబంధం లేదు. వాళ్ళు పెట్రోలును గ్యాస్ అంటారు. ఆ మాటను మామూలు జనం ఇంజనున్న ప్రతి బొమ్మ విమానానికీ తగిలిస్తారు. నిజానికి మొదలుపెట్టేవారి విమానాల్లో ఎక్కువగా ఉండేది గ్లో ఇంజను. అది తాగేది పెట్రోలు కాదు, మిథనాల్. అందులో అయిదో వంతు దాకా నూనె, కొంచెం నైట్రోమీథేన్ కలుపుతారు. పెట్రోలు పోస్తే పనిచేయదు. దుకాణంలో రెండింటినీ కలగలిపి మాట్లాడితే, "ఇది గ్లోనా, పెట్రోలా?" అని సూటిగా అడగండి.

డీజిల్ మనిషిని కాబట్టి ఈ ఇంజను గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, క్షమించాలి. దీనికి స్పార్క్ ఉండదు. డీజిల్ లాగా ఒత్తిడి ఒక్కటే మండించదు. తలలో ఒక చిన్న ప్లగ్, అందులో ప్లాటినం కలిసిన సన్నటి తీగ చుట్ట ఉంటాయి. మొదట ఒకటిన్నర వోల్టు బ్యాటరీ తగిలిస్తే తీగ ఎర్రబడుతుంది. ఇంజను అందుకున్నాక బ్యాటరీ తీసేస్తాం. అయినా తీగ చల్లారదు. మిథనాల్ ఆవిరి ప్లాటినాన్ని తాకి వేడి పుట్టిస్తుంది, లోపలి మంట వేడి తోడవుతుంది, తీగ కణకణలాడుతూనే ఉంటుంది. రే ఆర్డెన్ అనే అమెరికన్ 1947లో దీన్ని బజారులోకి తెచ్చాడు. దానితో కాయిలూ, కండెన్సరూ, బ్యాటరీ బరువూ మోసే బాధ తప్పింది. బొమ్మ విమానం జనానికి అందింది ఆ తీగ చుట్ట పుణ్యమాననే అని నా అభిప్రాయం.

ఇక నూనె సంగతి వింటే మన మహబూబ్‌నగర్, నల్లగొండ సభ్యులు సంతోషిస్తారు. అందులో పోసే నూనెల్లో పాతదీ, నమ్మకమైనదీ ఆముదమే. మన మెట్ట చేలల్లో పండే ఆముదమే. ఇంజను విపరీతంగా కాగినా ఆముదం లోహాన్ని పట్టుకుని వదలదు. మొదటి ప్రపంచ యుద్ధంలో రోటరీ ఇంజను విమానాలకూ ఇదే పోశారు. ఇప్పుడు కృత్రిమ నూనెలు వచ్చాయి, చాలామంది రెండూ కలిపి వాడతారు. కొత్తవారు ఆముదం కొంచెమైనా ఉన్న ఇంధనం తీసుకోవాలంటాను. సూది సరిగ్గా తిప్పడం రాని రోజుల్లో ఇంజనును కాపాడేది అదే. ఎగరేసి వచ్చాక విమానమంతా జిడ్డు. ఇంట్లో ఆడవాళ్ళు ఏమంటారో నేను చెప్పనక్కరలేదు.

సైజు విషయానికొస్తే 40 లేదా 46 అడగండి. అంటే క్యూబిక్ అంగుళంలో వందకు నలభై వంతులు, సుమారు ఆరున్నర సి.సి. 46 అయితే ఏడున్నర సి.సి. మనం ఎరిగిన లూనా బండి 50 సి.సి. దానిలో ఏడో వంతు ఇంజను నిమిషానికి పది వేల చుట్లు దాటి తిరుగుతుంది. ఒసాకాలో 1936లో మొదలైన ఓ.ఎస్. వారి ఇంజన్లు మన్నికకు పేరు పొందాయి. పెట్రోలు ఇంజన్లలో ఇప్పుడు 10, 15 సి.సి.వి కూడా వచ్చాయి. ఇంధనం ఖర్చు తక్కువే. అయితే స్పార్క్ సరంజామా బరువు, కార్బురేటరు సర్దుబాటు కొత్తవాడికి అదనపు తలనొప్పి. పెట్రోలు బాగుండేది పెద్ద విమానాల్లో. అది రెండో మెట్టో, మూడో మెట్టో.

మీలో చదువుకున్న పిల్లలు అడుగుతారు: "తాతయ్యా, ఇప్పుడంతా బ్యాటరీ విమానాలే కదా?" నిజమే నాయనా. ఇవాళ కొత్తవాళ్ళలో ఎక్కువమంది నురుగు అట్టతో చేసిన బ్యాటరీ విమానంతోనే మొదలుపెడుతున్నారు. చప్పుడు లేదు, జిడ్డు లేదు, ఎగరడం మటుకే కావాలంటే అదే సుఖం. నేనూ అదే చెబుతాను. ఇంజను శబ్దం, దాని వాసన, సూదిని పావు చుట్టు తిప్పితే మారే ఆ కూత, ఇవన్నీ కావాలనుకునేవారే ఈ దారికి రండి. మనవడు అడిగింది ఏదో ముందు సరిగ్గా వినండి. వాడికి బ్యాటరీది చాలు, తాతకే ఇంజను కావాలంటే, రెండు వేర్వేరు విషయాలని ఒప్పుకుంటే ఖర్చు తగ్గుతుంది.

ఈ మాట ఎందుకంటున్నానంటే, ఒక సంగతి కళ్ళారా చూశాను. నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉద్యోగి పన్నెండేళ్ళ మనవడి పుట్టినరోజుకు స్పిట్‌ఫైర్ నమూనా కొన్నారు. రెండో ప్రపంచ యుద్ధపు విమానం. నిజంగా చూడచక్కనిది. చేతికొచ్చిన బకాయిల్లో సగం దానికే పెట్టారు. దుకాణంవారు "కొత్తవాళ్ళు కూడా ఎగరేయవచ్చు" అన్నారట. దాని రెక్క ఒంటికి కింద ఉంటుంది, చక్రాలు రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి, నెమ్మదిస్తే ఒక రెక్క ఉన్నట్టుండి పడిపోతుంది. అనుభవమున్నవాడికి అది ఆట. మేము మైదానానికి వెళ్ళేసరికి తాతా మనవడూ అప్పటికే ఇంజను నడిపేశారు. లేచింది, ఎడమకు ఒరిగింది, ఆయన సరిచేద్దామని స్టిక్ లాగారు, ఇంకా ఒరిగింది. అంతా పావు నిమిషం. పిల్లవాడు ముక్కలు ఏరి అట్టపెట్టెలో సర్దుతూ, "తాతయ్యా, నా వల్ల పోయిందా?" అని అడిగాడు. వాడు రిమోటు ముట్టుకోనే లేదు. ఆ పెద్దాయన ఆ తరవాత మైదానానికి రాలేదు. డబ్బు పోయినందుకు ఆయన బాధపడ్డారని నేననుకోను.

ఇంకొకాయన సంగతి చెబుతాను. వయస్సు 66. భార్య పోయిన ఏడాదికి ట్రైనర్ కొనుక్కున్నారు. ఆయనకు గురువు మా మైదానానికి వచ్చే పందొమ్మిదేళ్ళ ఇంజనీరింగు కుర్రవాడు. ఇద్దరి చేతుల్లో రెండు ట్రాన్స్‌మిటర్లు, వాటిని కలుపుతూ ఒక తీగ. దీన్ని బడ్డీ కార్డ్ అంటారు. కొత్త సెట్లలో తీగ లేకుండా కూడా కలుపుతారు. గురువు మీట నొక్కి పట్టుకున్నంతసేపు విమానం శిష్యుడి చేతిలో ఉంటుంది, వదిలితే గురువు చేతికి వస్తుంది. మొదటి రోజు మా పెద్దాయన కంగారుపడి స్టిక్‌ను నలిపేస్తున్నారు. విమానం బెదిరిన దూడలా అటూ ఇటూ ఊగుతోంది. కుర్రవాడు మీట వదలలేదు. నెమ్మదిగా, "అంకుల్, స్టిక్ వదిలేయండి" అన్నాడు. "పడిపోతుంది బాబూ!" "పడదు అంకుల్, వదిలేయండి." వదిలేశారు. విమానం రెండు మూడు సార్లు ఊగి, రెక్కలు సమం చేసుకుని, తన మానాన తాను వెళ్ళింది. ఆయన నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. స్పిట్‌ఫైర్‌కూ ట్రైనర్‌కూ తేడా అదేనండీ.

మన దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీలో 2013 నుంచి కుర్రవాళ్ళకు మొదటి పాఠాలు పిలాటస్ అనే శిక్షణ విమానం మీద చెబుతున్నారు. యుద్ధ విమానం నడపవలసినవాళ్ళే అలా మొదలుపెడుతుంటే మనకేం నామోషీ?

కనుక విమానం కంటే ముందు గురువును వెతకండి. ఆయన మైదానమేదో, ఆయన వాడే రేడియో ఏదో చూసి, దానితో జతపడే సెట్ కొనండి. డబ్బు ఎక్కువ పెట్టవలసింది రేడియోకే. విమానాలు మారతాయి, రేడియో వాటన్నిటికీ పనికొస్తుంది. నాలుగు ఛానెళ్ళు తప్పనిసరి. ఇంజను వేగానికి ఒకటి, తోకలో నిలువు పలకకు ఒకటి, అడ్డ పలకకు ఒకటి, రెక్కల చివరి పలకలకు ఒకటి. 2.4 గిగాహెర్ట్జ్‌ది తీసుకోండి. పాతరోజుల్లో ఇద్దరి సెట్లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉంటే ఒకరి విమానం ఇంకొకరు కూల్చినట్టయ్యేది. ఇప్పుడా బెడద లేదు. కంప్యూటరులో అభ్యాసం చేసే సిమ్యులేటర్లూ ఉన్నాయి. విమానం మనవైపు వచ్చేటప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి కదా, ఆ చిక్కు ముందు అక్కడే తీర్చుకోండి. చిట్కా ఏమిటంటే, ఎదురుగా వస్తున్నప్పుడు ఏ రెక్క దిగితే స్టిక్‌ను అటే నెట్టాలి. అమెరికా క్లబ్బులో ఇంకొక మాట చెప్పేవారు: మూడు తప్పులు దిద్దుకునేంత ఎత్తులో ఎగరేయమని.

ఇప్పుడు కొంచెం కటువుగా మాట్లాడాలి. పది అంగుళాల ప్రొపెల్లరు నిమిషానికి పదివేల చుట్లు తిరుగుతుంటే కంటికి కనపడదు. వేలు పెడితే కనపడుతుంది. మనలో చాలామందికి షుగరు. వేలు తెగితే మానడానికి ఎన్ని నెలలో మీకు తెలుసు. ప్రొపెల్లరును చేత్తో తిప్పవద్దు. కర్రతో గానీ ఎలక్ట్రిక్ స్టార్టరుతో గానీ నడపండి. ఇంజను అందుకున్నాక వెనకకు వచ్చి, వెనక నుంచే బ్యాటరీ తీయండి, వెనక నుంచే సూది తిప్పండి. ముందు నుంచి చెయ్యి చాపవద్దు. ఉత్తరీయాలు, పైట కొంగులు, మెడలో వేలాడే కళ్ళజోడు తాళ్ళు దగ్గరకు రాకూడదు. పిల్లలు విమానానికి ఎదురుగా, పక్కగా ఉండకూడదు. మిథనాల్ విషం. కల్తీ సారా తాగి చూపు పోయినవారి వార్తలు మనం చదివాం కదా, అదే ఇది. మంట పగటి వెలుగులో దాదాపు కనపడదు. సీసా మీద పేరు రాసి, తాళం వేసి, వంటింటికి దూరంగా పెట్టండి.

ఖర్చు లెక్కలో విమానం ధర ఒక్కటే వేసుకోవద్దు. ప్లగ్గులు, ప్రొపెల్లర్లు, స్టార్టరు, ఇంధనం అన్నీ కలపండి. ఒక అమెరికన్ గ్యాలన్‌తో, అంటే సుమారు 3.8 లీటర్లతో, పది పన్నెండు సార్లు ఎగరేయవచ్చు. ఒక్కోసారి పది నిమిషాల చిల్లర. అమెరికా నుంచి వస్తూ పిల్లల చేత ఇంధనం తెప్పించుకుందామని మాత్రం అనుకోకండి. విమాన సామానులో దాన్ని తేవడం నిషేధం.

చట్టం సంగతి. మన దేశంలో 2021 నాటి డ్రోన్ రూల్స్ వీటికీ వర్తిస్తాయి. 25 కిలోల లోపు బరువుండి, కంటికి కనిపించే దూరంలో, వినోదానికి ఎగరేసేవాటిని మోడల్ విమానాలుగా గుర్తించి కొన్ని సడలింపులిచ్చారు. కానీ దేశపటాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ జోన్లుగా విభజించారు. విమానాశ్రయాల చుట్టుపక్కల అనుమతి లేకుండా ఎగరేయకూడదు. ఆకుపచ్చ జోనులో 400 అడుగుల ఎత్తు వరకే. రూల్స్ మధ్యలో మారుతుంటాయి కాబట్టి రిజిస్ట్రేషన్ సంగతి కొనేముందే పౌర విమానయాన శాఖవారి వెబ్‌సైటులో చూడమని మనవళ్ళకు చెప్పండి. అమెరికాలో అయితే 250 గ్రాములు దాటితే నమోదు, దానితోపాటు ఉచితంగా పెట్టే చిన్న పరీక్ష ఉన్నాయి.

కొన్న తరవాత కూడా మొదటిసారి మీరే లేపకండి. గురువు చేత ఎగరేయించి, తూకం సరిచూపించండి. రెక్క వెడల్పులో ముందు నుంచి పావు వంతుకూ మూడో వంతుకూ మధ్య తూగాలి. తోక బరువైతే ఎంత మంచి ట్రైనరైనా చెప్పుచేతల్లో ఉండదు.

కార్యదర్శిగారు గంట వైపు చూస్తున్నారు. కావలసినవారికి కబురు: ఈ ఆదివారం ఉదయం ఆరున్నరకు, గాలి లేవకముందే, ఊరి బయట మైదానంలో మేము ఉంటాం. చెప్పులు వద్దు, బూట్లు వేసుకు రండి. టోపీ, మంచినీళ్ళు తెచ్చుకోండి. ఆ 66 ఏళ్ళ పెద్దాయన కూడా వస్తారు. తన ట్రైనర్‌ను బడ్డీ కార్డ్‌తో మీ చేతికిస్తానన్నారు. ఏదీ కొనకుండానే ఒకసారి స్టిక్ పట్టుకుని చూడవచ్చు.